బోణీ పన్ను

వన్ టౌన్‌లో మా గాజుల కొట్టుకి ఎదురుగానే రామకోటేశ్వరరావు గారి స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు. పొద్దున్నే ఆయన షట్టర్ లేపితే ఆ చప్పుడు బందరు దాకా వినపడుతుంది. కానీ కూతురు భానుశ్రీ వచ్చి నవ్వితే తప్ప బోణీ బేరం ముట్టడు.

భానుశ్రీ గ్రహణం మొర్రితో పుట్టింది. పసితనంలోనే పెదవీ అంగిలీ కుట్టేశారు గానీ, పైచిగురులో చీలిక అలాగే ఉండిపోయింది. దాంతో పళ్ళు వాటి ఇష్టమొచ్చినట్టు మొలిచాయి. రావలసిన పన్ను ఒకటి రానే లేదు. అక్కర్లేనిది ఇంకొకటి ఎనిమిదో ఏట వచ్చి పక్క పన్ను మీదెక్కి కూర్చుంది. సరిగ్గా ఆ నెలలోనే పామర్రు పెళ్ళివారెవరో వచ్చి లారీడు సామాను కొన్నారు. ఈ కథ చెప్పినప్పుడల్లా నేను మూడు లారీలంటాను.

"పన్ను మీద పన్ను అదృష్టమండీ! మా అమ్మలు నవ్విందంటే లక్ష్మీదేవి నవ్వినట్టే" అని ఆయన బజారంతా చాటాడు.

బళ్ళో పిల్లలు "ఏయ్ రంపప్పళ్ళూ" అంటుంటే చున్నీ నోటికి అడ్డం పెట్టుకునే పిల్ల, ఆ కొట్టు గుమ్మంలోకి రాగానే చున్నీ తీసి నవ్వేది. పదకొండేళ్ళు, ఆదివారాలు పోను, రోజూ.

పంతొమ్మిదో ఏట కోరపన్ను అంగిట్లోంచి పొడుచుకొచ్చింది. అన్నం తింటుంటే నాలుక కోసుకుపోతోందని, చిన్నప్పుడు కుట్లు వేసిన ఆస్పత్రికే ఒక్కతీ వెళ్ళింది. డాక్టరమ్మ పాత ఫైలు తీసింది.

"తొమ్మిదేళ్ళప్పుడు రమ్మన్నాం కదమ్మా? ఆ అడ్డపన్ను తీసేసి, తుంటి ఎముక కాస్త తెచ్చి చీలికలో నింపితే కోరపన్ను దాని దారిన అదే దిగేది."

"ఇంక చేసేదేం లేదన్నారని మా నాన్న చెప్పాడండీ."

డాక్టరమ్మ ఫైలు ఇటు తిప్పింది. 'ఆపరేషన్ వద్దు' అని రాసి ఉంది. కింద సంతకం, కొట్టు బిల్లుల మీద రోజూ చూసేదే.

"ఇప్పుడు చెయ్యరా?"

"చేస్తాం. అప్పుడు చేసినంత బాగా కుదురుతుందని మాత్రం మాటివ్వలేనమ్మా."

అక్కణ్ణించి తిన్నగా కొట్టుకొచ్చింది. నేను బేరం వదిలేసి, చేతిలో గాజులతోనే రోడ్డు దాటాను.

"వద్దని సంతకం పెట్టావా నాన్నా?"

"అది కాదు తల్లీ... ఆ పన్ను పీకేస్తామన్నారు. అదొచ్చాకే కదా మన కొట్టు ఇలా..."

"బళ్ళో ఎవరేమన్నా, మా నాన్నకి నా నవ్వంటే ఇష్టం అనుకునేదాన్ని. నువ్వు చూసింది నన్ను కాదా? పన్నునా?"

ఆయన బిందెల వంక చూశాడు. "కాఫీ తాగుతావా?" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున షట్టర్ లేచింది. మైలవరం నుంచి బేరం వచ్చి నిలబడింది. బుగ్గలో దూది పెట్టుకుని భానుశ్రీ వచ్చింది.

"అదుగో మా అమ్మలు! ఏదీ, ఒక్కసారి..." అన్నాడాయన.

ఆ పిల్ల నవ్వలేదు. కాగితం పొట్లం విప్పి, పీకించేసుకున్న ఆ అడ్డపన్ను తీసి సామాను తూచే కాటా మీద పెట్టింది.

"ఇదుగో. బోణీ చేసుకో నాన్నా" అని ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ప్రతిదీ పెంచి చెబుతానని బజార్లో నాకు పేరుంది. ఇది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నాను. వంగి మరీ చూశాను. కాటా సున్నా చూపించింది.