వెనక వరస

వానాకాలంలో కెమెరా సంచి తెరిచినప్పుడల్లా బియ్యం వాసన వస్తుంది. లెన్సుకు బూజు పట్టకుండా గుడ్డలో బియ్యం మూటకట్టి పక్కన పెట్టడం దానియేలు సార్ నేర్పిన అలవాటు. అందుకోసం బజారులో తేమ పీల్చే పొట్లాలు దొరుకుతాయి కానీ నేను కొనను. ఆ వాసన తగలగానే సార్ గుర్తొస్తారు. ఆ వెంటనే నేను చేసిన పనీ గుర్తొస్తుంది. ఇక ఆ రోజంతా మనసు బాగుండదు.

భద్రాచలం వెళ్లే రోడ్డు మీద ఆయనకు ఒక గది స్టూడియో ఉండేది. కల్లూరులో డిగ్రీ తప్పి, ముఖం చెల్లక మేనత్త ఇంటికి చేరిన నేను అక్కడ పనికి కుదిరాను. తక్కిన స్టూడియోలు పెళ్లిళ్ల మీద బతికితే, సార్ స్టూడియో సగం చావుల మీద నడిచేది. అడవి ఊళ్లలో అప్పట్లో మనిషికి విడిగా తీయించుకున్న మంచి ఫోటో ఉండేది కాదు. ఎవరైనా పోతే ఇంటివాళ్లు ఏదో ఒక పెళ్లి ఫోటో పట్టుకొచ్చి, వెనక వరసలో ఉన్న మొహం మీద వేలు పెట్టి చూపించేవారు. సార్ ఆ మొహాన్ని విడదీసి, పెద్దది చేసి, ఫ్రేము కట్టి ఇచ్చేవారు. అందుకే గ్రూప్ ఫోటో అంటే ఆయనకు అంత పట్టింపు. “ఎనక నిలబడ్డోడు కనబడాలె బిడ్డా. రేపు దండ పడేది వానికే కావచ్చు” అనేవారు. పెళ్లింట్లో ఇవేం మాటలు సార్ అని నేను విసుక్కునేదాన్ని.

పాత కెమెరా మూలన పడ్డాక సార్ కొత్తది కొన్నారు. దాని లెన్సు నాకు మతి పోగొట్టింది. లోపలి రంధ్రం పెద్దది చేస్తే ముందున్న మనిషి ఒక్కరే తేటగా ఉండి వెనకదంతా వెన్నలా కరిగిపోతుంది. చిన్నది చేస్తే ముందూ వెనకా అన్నీ తేటగా వస్తాయి. చిన్న అంకెకు పెద్ద రంధ్రం, పెద్ద అంకెకు చిన్న రంధ్రం. ఈ తిరకాసు వారం రోజులైనా నా బుర్రకెక్కలేదు. ఒకనాడు సార్ నన్ను రోడ్డు మీదికి తీసుకెళ్లి తన కళ్లద్దాలు తీసేశారు.

“ఆ బస్సు బోర్డు నాకు కనబడ్తలేదు. ఇగ జూడు” అని పిడికిలి బిగించి, మధ్యలో చిన్న సందు వదిలి, దానిలోంచి చూస్తూ “మణుగూరు” అని చదివారు. నేనూ నా అద్దాలు తీసి అలాగే చూశాను. అలుక్కుపోయిన అక్షరాలు విడివిడిగా కనిపించాయి.

“సందు ఎంత చిన్నగుంటే అంత తేట. గంతే. గిండ్ల బ్రహ్మవిద్య ఏం లేదు.”

“మరి పెద్ద సందు ఎందుకు సార్?”

“పెండ్లిపిల్లను ఒక్కదాన్నే తీసెటప్పుడు. పదిమంది నిలబడ్డకాడ ఎనిమిదికి తక్కువ పెట్టినవనుకో, తంత.”

ఆ ఎండాకాలం బూర్గంపాడు అవతల, అడవి అంచున ఉన్న ఊళ్లో ఒక పెళ్లికి ఫోటోలు తీశాం. పెళ్లికొడుకు తండ్రి ముత్తయ్య పొద్దున్నుంచి వంటల దగ్గరే ఉండి, కెమెరా కనబడితే పారిపోయేవాడు. ఏ ఫోటోలో చూసినా ఆయన వీపే పడింది. చివరికి ఆయన భార్య సమ్మక్క రెక్క పట్టుకుని లాక్కొచ్చి గ్రూప్ ఫోటోలో మూడో వరసలో నిలబెట్టి, తాను ముందుకొచ్చి నిలబడింది. ఎవరో ఏదో అన్నారు, ముత్తయ్య నోరారా నవ్వాడు. సార్ పక్కన లైటు పట్టుకుని ఉన్నారు. కెమెరా నా చేతిలో ఉంది.

“ఎనిమిది పెట్టినవా?”

“పెట్టిన సార్.”

పెట్టలేదు. రెండు దగ్గరే ఉంచాను. పట్నం ఆల్బముల్లోలాగా పెళ్లిజంట మెరిసిపోవాలని, అది చూసి సార్ కూడా ఔరా అనాలని నా ఆశ. కెమెరా వెనకున్న చిన్న తెర మీద అందరూ బాగానే కనిపించారు. ఒక్కటి తీసి చాలన్నాను.

ఆ వానల్లోనే ముత్తయ్య జ్వరంతో పోయాడు. సమ్మక్క ఆల్బం చంకన పెట్టుకుని స్టూడియోకు వచ్చింది. ఆధార్ కార్డు మీద ఫోటో ఉంటుంది కదా అన్నాను నేను.

“గా కార్డుల దొంగను పట్టుకొచ్చినట్టున్నడు. మా ఆయన నవ్వింది గీ ఒక్కదాంట్లనే. గిది పెద్దగ చెయ్యి సారూ.”

సార్ కంప్యూటర్లో ఆ మొహాన్ని పెద్దది చేశారు. ఎంత పెద్దది చేస్తే అంత మసక. కళ్లు తెలియడం లేదు, నవ్వు ఉండాల్సిన చోట తెల్లటి మరక. ఫోటో ఏ అంకెతో తీసిందీ ఫైలులోనే రాసి ఉంటుంది. సార్ అది తెరిచి చూశారు. తల తిప్పి నన్ను చూశారు. నేను గోడ వంక చూశాను. కాసేపు ఆగి ఆయన సమ్మక్కకు చేతులు జోడించారు.

“నా తప్పే సమ్మక్కా. ముసలోన్నయిన, అంకె జూసుకోలే.”

కార్డులోని ఫోటోనే శుభ్రం చేసి, ఫ్రేము కట్టి, సార్ ఆమెను బస్సు దాకా సాగనంపి వచ్చారు. ఆ తర్వాత నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఏడ్చి కాళ్లు పట్టుకునేదాన్ని. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ మూడేళ్లు ఆయన దగ్గరే పనిచేశాను. పెళ్లయి ఖమ్మం వచ్చాను, సొంత స్టూడియో పెట్టుకున్నాను. పండక్కి ఫోన్ చేసినప్పుడల్లా నోటిదాకా వచ్చేది, క్షేమసమాచారాలు అడిగి పెట్టేసేదాన్ని. సార్ పోయారని తెలిసి వెళ్లి, అందరితో పాటు పిడికెడు మట్టి వేసి వచ్చాను. నాకంటే పిరికిది ఇంకొకతి ఉండదని ఆ రోజు అనిపించింది.

కిందటేడు సమ్మక్క ఇంటికి వెళ్లాను. వాకిట్లో బీడీలకు వాడే తునికాకు కట్టలు కడుతోంది. ఆ ఫోటో చెడగొట్టింది సార్ కాదమ్మా, నేనే అని చెప్పాను. ఆమె పని ఆపలేదు.

“నాకెరికే బిడ్డా. ఆయన లైటు పట్టుకున్నడు, కెమెరా నీ చేతుల ఉండె. నేను ముంగట్నే నిలబడ్డ గదా.”

“మరి ఆ రోజు నన్నెందుకు అడగలేదు?”

“నువ్వే అంటవేమో అని నీ దిక్కే జూసిన. సారు గూడ నీ దిక్కే జూసిండు.”

కట్ట బిగించి పక్కన పెట్టి, నీళ్లు తాగుతావా అని అడిగింది. తాగాను.

ఇప్పుడు గ్రూప్ ఫోటో తీశాక తెర మీద వెనక వరసలోని ప్రతి మొహాన్నీ పెద్దది చేసి చూసుకుంటాను. జల్దీ కానియ్యమ్మా అని పెళ్లివాళ్లు కసురుకున్నా వినను. ఆ పని సార్ నేర్పిందే, సంతోషంగానే చేస్తాను. నాకు మొయ్యరానిది వేరే ఉంది. చేతులు జోడించే ముందు ఆయన కాసేపు ఆగారు. ఆగింది నాకోసమే.