రిగ్గు మీది రేడియో గొంతు

బోధన్‌లో ఉండే మా అవ్వకు నా ఉద్యోగం మీద ఒకటే అనుమానం. ‘హెడ్‌లైట్ ఉంటది గద బిడ్డా?’ అని సెలవుకు పోయినప్పుడల్లా అడుగుతుంది. ఉంటుందంటాను. ముంబై తీరం నుంచి సముద్రంలోని చమురు రిగ్గులకు రాత్రిపూట హెలికాప్టర్ నడిపేటప్పుడు ఆ లైటుతో దారి కనపడదని చెప్పి ఆమె నిద్ర చెడగొట్టడం ఎందుకు? కిందా నలుపే, పైనా నలుపే. దూరంగా రిగ్గు మీద గ్యాసు మంట ఒక్కటి, మా దిక్కు చెరుకు కొట్టాక చేలో ఆకు కాలబెట్టినట్టు కనపడుతుంది. దాన్నే చూస్తూ పోతే ఒక పక్కకు ఒరిగి ఎగురుతున్నా తిన్నగానే ఉన్నామనిపిస్తుంది. కళ్లను కాదు, మీటర్లను నమ్మాలి.

ఒక రిగ్గులో రేడియో దగ్గర కూర్చునేది కమ్మర్‌పల్లి మనిషి. మొహం ఎప్పుడూ చూడలేదు, గొంతే తెలుసు. పగటి ట్రిప్పుల్లో పని మాటలు ఇంగ్లీషులో ముగించి తెలుగులోకి దిగేవాడు. ‘అన్నా, మా దిక్కు పసుపు ఉడకబెట్టుడు షురూ అయింది’ అనేవాడు. ఆ ఒక్క ముక్కకు నాకు కడుపు నిండేది.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. రాత్రి రోగిని తేవడానికి పిలుపు వస్తే, ఆ రోగి ఎవరో, ఎంత ప్రమాదంలో ఉన్నాడో పైలట్‌కు చెప్పరు. జాలి పుడితే చెయ్యి తొందరపడుతుంది. ఒక వానాకాలం రాత్రి ఆ కమ్మర్‌పల్లి ఆయన ఉండే రిగ్గు నుంచే పిలుపు వచ్చింది, రోగి ఎవరో మాత్రం చెప్పలేదు.

గాలి విసిరి కొడుతోంది. వానకు రిగ్గు దీపాలు అద్దం మీద కారిపోతున్నాయి. పక్కన కో-పైలట్, నాకంటే చిన్నదైన అమ్మాయి, ఎత్తూ వేగమూ చదువుతోంది. రిగ్గు మీద మేం దిగాల్సిన డెక్కు కనపడింది. ఇంకాస్త దిగితే అందుతుంది. అంతలో ఆమె ‘గో అరౌండ్’ అంది. అంటే దిగడం మానేసి పైకి లేవాలి. ఆ మాట ఇద్దరిలో ఎవరు అన్నా సరే, రెండో మనిషి ఎందుకని అడగకూడదు. లేపాను. అప్పుడు చూసుకుంటే, మేం దిగాల్సిన దానికంటే చాలా వేగంగా నీళ్ల వైపు జారుతున్నాం.

ఇంకొక్కసారికే ఇంధనం ఉంది. అదీ కుదరకపోతే రోగి లేకుండానే ఒడ్డుకు మళ్లాలి. ‘గాలెట్లుందన్నా?’ అని రేడియోలో తెలుగులోనే అడిగాను. అదే గొంతు, కానీ గాలి లెక్క ఇంగ్లీషులో వచ్చింది. ‘డెక్కు సిద్ధంగా ఉంది. తొందరేం లేదు, నిదానంగా రండి’ అని మళ్లీ ఇంగ్లీషే. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రాణం మీదికొచ్చిన వేళ వీడికి దొరతనం గుర్తొచ్చిందా? ఆ కోపంతోనే పళ్లు బిగబట్టి మీటర్ల మీద కళ్లు పెట్టి దించాను. చక్రాలు డెక్కుకు తగిలాయి. స్ట్రెచర్ ఎక్కించారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఒడ్డున అంబులెన్సు తీసుకుపోయింది.

తర్వాతి సెలవులో ఆ రేడియో ఆయన మరీ మరీ పిలిస్తే, ఆర్మూరులో షేర్ ఆటో ఎక్కి కమ్మర్‌పల్లి పోయాను. అలక తీరకుండానే పోయాను. సన్నటి యువకుడొకడు చాయ్ తెచ్చాడు. నడుస్తుంటే ఆయాసపడుతున్నాడు.

“గా రాత్రి నువ్వు తెచ్చింది వీన్నే. మా తమ్ముడు, గదే రిగ్గుల పని చేస్తుండె. గుండెపోటు,” అన్నాడు ఆయన.

“మరి ఒక్క మాటన్న చెప్పలేదేందన్నా?” అన్నాను.

“చెప్తే మొదటిసారి మర్లిపోతుంటివా?”

పోయేవాణ్ణి కాదు. ఆ అమ్మాయి ఏమన్నా దించేవాణ్ణే. అందరం నీళ్లలో ఉండేవాళ్లం.

“గందుకే తెలుగు ముట్టలే,” అన్నాడు నేలను చూస్తూ. “‘అన్నా’ అని ఒక్క మాట నోట్లకెల్లి వస్తే ఏడుపు ఆగకపోవు. మైకు బటన్ మీదికెల్లి వేలు తీసుడు, ఏడ్సుడు. మళ్ల బటన్ ఒత్తుడు, గాలి లెక్క చెప్పుడు. గంతే చేసిన.”

తమ్ముడు చాయ్ గ్లాసులు అట్లాగే పట్టుకుని నిలబడి అన్నను చూస్తున్నాడు. ఈ సంగతి వాడు కూడా ఇప్పుడే వింటున్నాడు.