సోలారు పలకల మీద వడియాలు

శ్రీముఖలింగంలో మా పక్కింటి తాయారత్త పెట్టే గుమ్మడి వడియాలంటే నాకు ప్రాణం. వాటికోసం ఆవిడ పడే హైరానా చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. కాకులు తాకకూడదు, దుమ్ము పడకూడదు. మంచి చోటు కోసం వెతికి వెతికి, ఈసారి డాబా మీది సోలారు పలకలను పట్టుకుంది. నున్నగా ఉంటాయి, బాగా కాలతాయి. ఇంకేం కావాలి?

ఆ పలకలూ, కింద గదిలోని బ్యాటరీ మావయ్య నారాయణమూర్తి గారి కోసం పెట్టించినవి. ఊళ్లో సగం మందికి సంగీతం చెప్పిన మనిషి. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడై, ముక్కుకు గొట్టం లేనిదే ఊపిరాడదు. కరెంటు పోయినా ఆక్సిజన్ మిషను ఆగకూడదు.

వడియాలు గలగలలాడేలా ఎండాయి. బ్యాటరీ సగమైనా నిండలేదని ఎవరూ చూసుకోలేదు. అంతలో తుఫాను వచ్చి కరెంటు పోయింది. ఫ్రిజ్జు, ఫ్యాను, లైట్లు అన్నీ ఆపేశాం. అయినా తెల్లారేసరికి బ్యాటరీ అడుగంటిందని ఎర్రలైటు వెలిగింది.

"ఇంత వేగిరం ఎలా అయిపోనాది అత్తా?" అన్నాను.

అత్త ముఖం పాలిపోయింది. "నా వడియాలే, ఝాన్సీ. ఆయనకి రావలసిన ఎండంతా వాటికే ధారపోసేనే."

గట్టిగా తిడదామనే నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే కిటికీ తీసి, వాన తగ్గిందేమోనని ఆకాశం చూస్తోంది.

అదృష్టం, వాన తెరిపిచ్చి పలచగా ఎండ కాసింది. ఇద్దరం డాబా ఎక్కాం. పలకల నిండా ఆకులు, బురద. అత్త కట్టుకున్న చీర చెంగుతోనే తుడిచేస్తోంది. ఒక్కో పలక తుడిచి కిందికి కేక వేస్తోంది.

"ఏవండీ! పచ్చలైటొచ్చిందేటండీ?"

జవాబు లేదు. ఆయన అరవలేరని తెలుసు. తెలిసినా మెట్ల దాకా వెళ్లి చెవి పెట్టాను.

చివరి పలక తుడిచాక, కింద స్టీలు గ్లాసు మీద మావయ్య ఉంగరం మోగింది. ఆగి ఆగి, నీరసంగా. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు వేసే ఆదితాళమే అది. అత్త ఆ తడి డాబా మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

కిందికి దిగగానే వడియాల డబ్బా పట్టుకుని పెరట్లోకి నడిచింది. మావయ్య చెయ్యెత్తి ఆపారు. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ అన్నారు.

"పారేస్తావేటే, తాయారూ? నాకోసం పెట్టినవే కదా. నాలుగు వేపు."

అత్త కళ్లు తుడుచుకుని పొయ్యి మీద మూకుడు పెట్టింది.