తెలుగు పట్టిక ముందు మా అక్క

సింగానల్లూరులో మావాళ్ల కల్యాణ మండపంలో కంటి శిబిరం పెట్టినప్పుడు, అక్షరాల పట్టిక తెలుగులోనే ఉండాలని పట్టుబట్టింది నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరిని తిట్టినా నన్ను వదిలి తిట్టలేదని తెలియాలి గదా.

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తరతరాలుగా మా బతుకు ఇదే. అక్క అయిదో తరగతి దాకా తమిళంలోనే చదివింది. నేను బడి మానేశాక పాత పంచాంగాలు ముందేసుకుని తెలుగు రాత సొంతంగా పట్టుకున్నాను. ఆ గర్వంతోనే సంఘం సమావేశంలో లేచి, "మన కండ్లను మన అక్షరంతోనే చూడాల" అన్నాను. చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్లలో నలుగురికైనా 'అ' రాదు.

ఆప్టోమెట్రీ కాలేజీవాళ్లు తెలుగు పట్టిక తెప్పించారు. వరసలో అక్క ముందున్న ఆడమనిషి పట్టికను చూసి, వెనక కూర్చున్న పెద్దలను చూసి, "కనపడలేదు తల్లీ" అంది. అంతకుముందే ఆమె గోడమీది బల్లిని చూపించి మనవరాలిని బెదిరించింది. తర్వాత వచ్చినవాళ్లదీ అదే మాట. ఇంటి భాష చదవడం రాదని పదిమందిలో ఒప్పుకోవడం కన్నా గుడ్డివాళ్లనిపించుకోవడమే మేలనుకున్నారు. అక్కా అంతే. పరీక్షించే కాలేజీపిల్ల రెండు కండ్లకూ ఒకటే రాసి, "వయసు పొర, ముదిరాక రండి" అని పంపేసింది. వెనక వాళ్ల వాత్తియారు, అదే, పాఠం చెప్పే పెద్దమనిషి, ఫోటోలు తీయించుకుంటున్నాడు.

ఏడాది తిరిగింది. అక్క ఎడమవైపు గడపలకూ తలుపులకూ తగులుకుంటోంది. "పొర ముదరనీరా" అంటుంది. రెండో శిబిరంలో మళ్లీ అదే పట్టిక, అదే వాత్తియారు. అక్క నోరు తెరవకముందే అడ్డం పడ్డాను.

"నిజం చెప్పక్కా. కనపడలేదా, చదవను రాదా?"

"మెల్లగా అడుగురా! కోడలి పుట్టింటోళ్లు కూచోనుండారు."

"వాళ్లకు మాత్రం వచ్చునా?"

వాత్తియారు నవ్వాడు. "తెలుగు కావాలన్నది మీరే కదయ్యా" అన్నాడు తమిళంలో.

నిజమే. ఛీ, నాదీ ఒక చదువేనా! అక్షరం రానివాళ్ల కోసం దువ్వెనలాంటి మూడు పళ్ల గుర్తుల పట్టిక ఉంటుందనీ, పళ్లు ఎటు తిరిగాయో చేత్తో చూపిస్తే చాలుననీ మొదటి శిబిరం అయ్యాకే ఎక్కడో చదివాను. అది ఆయన బల్ల కిందే దుమ్ము పట్టి ఉంది. లాగి గోడకు పట్టాను. కుడికంటితో అక్క అడుగు వరస దాకా చూపించింది. కుడికన్ను మూయగానే, "గోడ ఎక్కడుందిరా?" అంది.

శిబిరానికొచ్చిన డాక్టరు చూసి నీటికాసులన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందట. కుడికన్నునైనా రోజూ చుక్కలు వేసి కాపాడుకోవాలట.

"పోయినేడే వచ్చుంటే కొంత చూపు మిగిలేది పెద్దాయనా."

"వచ్చింది సార్. ఇదే కుర్చీలో కూచుంది."

ఆయన చుక్కల మందుకు చీటీ రాసిచ్చాడు. అక్క నా చొక్కా పట్టుకుని, "ఎడమది పోయిందని ఎవురికీ చెప్పొద్దురా, పరువు పోతుంది" అంది. వరసలో ఎవరో "కనపడలేదు తల్లీ" అంటున్నారు. అక్కను బెంచీమీద కూర్చోబెట్టి వెళ్లి, తెలుగు పట్టికను నా చేతులతోనే దించేశాను.