కొలత తప్పిన గుర్రం

దాదరూల్ చేతిలో కర్ర మాట వినేది. హెమ్‌చిక్ నది ఒడ్డున సర్కారు పశువుల ఫారం నడిచినన్నాళ్లూ మంచుబళ్లు, పాల పీపాలు, జీను చట్రాలు అన్నీ అతని చేతిలోనే తయారయ్యాయి. ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకున్న పని కాదు. విరిగినదాన్ని విప్పి చూడడం, ఎందుకు విరిగిందో తెలిసేదాకా పక్కన పెట్టకపోవడం, అదే అతని చదువు.

ఫారం మూతపడిన సంవత్సరమే ఖామ్‌లు మళ్లీ బయటికొచ్చారు. రోగి ప్రాణాన్ని వెతికి తెచ్చేవాళ్లు, చచ్చినవాళ్లతో మాట్లాడేవాళ్లు సర్కారు నిషేధం వల్ల అరవై ఏళ్లు పోలీసుల భయంతో నోరు కుట్టుకుని బతికారు. వాళ్లున్నారు గానీ వాళ్ల డప్పులు లేవు. చేసే చేతులు ఎప్పుడో మట్టిలో కలిశాయి. దాదరూల్ అక్క అంచికిస్‌కి పద్దెనిమిదో ఏటి నుంచే పూనకం వచ్చేది. ఆసుపత్రివాళ్లు మూర్ఛ అని రాసి మాత్రలిచ్చారు.

"మాత్రలెక్కి పైలోకానికి పోతానా?" అంది ఒకరోజు తమ్ముడితో. "గుర్రం లేకుండా నన్నెంత దూరం నడవమంటావురా?"

ఖామ్‌కి డప్పే గుర్రం, దాన్ని కొట్టే పుల్ల కొరడా. దాదరూల్ బస్సెక్కి నగరంలో మ్యూజియానికి వెళ్లాడు. గాజు పెట్టెలో పాత డప్పు ఒకటుంది. ముట్టుకోనివ్వలేదు. గాజు మీదే తాడు పరిచి కొలుచుకున్నాడు. అడ్డంగా మూడున్నర జానలు. ఇంటికొచ్చి లార్చి చెట్టు కర్రను ఆవిరికి పెట్టి వంచి, దుప్పి తోలు బిగించి, వెనక ఇనుప గంటలు కట్టి, సరిగ్గా అంతే చేశాడు.

అంచికిస్ పొట్టి మనిషి. డప్పు ఎత్తితే నుదుటి నుంచి తొడల దాకా కనపడకుండా పోయింది.

"ఇది గుర్రమా, ఒంటెనా?" అంది డప్పు వెనకాల నుంచి.

"పెద్ద గుర్రమైతే పెద్ద దూరం పోతావక్కా. ఎక్కు."

ఆ మాట లోయంతా పాకింది. రెండేళ్లలో డప్పుల కోసం పదకొండు మంది ఖామ్‌లు వచ్చారు. అందరికీ మూడున్నర జానలే. ఒకామె బరువుగా ఉందని నసిగితే పక్కనున్నవాళ్లే "కుక్కపిల్లనెక్కి ఊరేగుతావా?" అని ఎగతాళి చేశారు.

మూడో ఏటికి అంచికిస్ ఎడమ భుజం పట్టేసింది. ఎలుగుబంటి కొవ్వు రాసుకుంది. ఆత్మలకు కోపమొచ్చిందేమోనని పాలు చల్లింది. విరిగినదాన్ని విప్పి చూసే దాదరూల్ ఒక్కనాడూ ఆ భుజం వైపు చూడలేదు.

ఆ చలికాలం చివర్లో ఊళ్లో చొదురా అనే ఆమె కొడుకు లారీతో సహా నది మంచులో మునిగిపోయాడు. తాగి నడిపాడని ఊరు అనుకుంది. చొదురా నమ్మలేదు. కొడుకు పోయిన నలభై తొమ్మిదో రోజున వాడి మాట వాడి నోటే వినాలని అంచికిస్ దగ్గరికొచ్చింది. ఆ రోజు చచ్చినవాడు చివరిసారి మాట్లాడి వెళ్లిపోతాడు. మాట మొదలై, మనిషి సాగిపోయేదాకా డప్పు ఆగకూడదు. ఆగితే వాడు ఆగినచోటే ఉండిపోతాడు.

మధ్యాహ్నం గుట్ట మీద నిప్పు వేశారు. కుర్రవాడికి ఇష్టమైన ఉప్పు పాల టీ, ఉడికిన గొర్రె మాంసం, సిగరెట్లు అందులో వేశారు. తడి మంచు పడుతోంది. డప్పు తోలు నీళ్లు తాగి బరువెక్కింది. అంచికిస్ అయినా కొట్టింది, ఆపకుండా కొట్టింది. గొంతు మారింది. "అమ్మా," అంది, కుర్రవాడి గొంతుతో. "అమ్మా, నేను..."

ఎడమ చెయ్యి జారింది. డప్పు అంచు మీద పడి, దొర్లుకుంటూ పోయి రాయికి తగిలి ఆగింది.

చొదురా ఆమె కోటు పట్టుకుంది. "ఏదో అనబోయాడు కదక్కా? చెప్పబోయాడు కదా?"

అంచికిస్ వంగి డప్పు అందుకుంది. ఎత్తలేకపోయింది.

నాలుగు రోజులకు దోల్గార్ అవ్వ కర్ర పొడుచుకుంటూ దాదరూల్ కొట్టానికి వచ్చింది. చిన్నప్పుడు ఖామ్ అయిన తన తాత డప్పును నిప్పు మీద కాచి ఇచ్చిన మనిషి. గోడకున్న చట్రాలు చూసి, "ఇవన్నీ ఎవరి కొలతరా?" అంది.

"మ్యూజియంలోదానిది."

"అది పక్క లోయ ఖామ్ బాజీర్‌ది. రెండు పొట్టేళ్లను చంకల్లో పెట్టుకుని వాగు దాటేవాడు. ఇంతమందినీ ఆ చచ్చినవాడి గుర్రమెక్కించావా?"

"ముందే చెప్పొచ్చు కదవ్వా."

"నన్నడిగావా? గాజు పెట్టెనడిగావు. సరే, జీను చేసేటప్పుడు కాలు పెట్టే రికాబు పట్టీ ఎట్లా కొలుస్తావు?"

"ఎక్కేవాడి చేతితో. జీను మీద వేళ్లు ఆనిస్తే రికాబు చంకకి తగలాలి."

"మరి?"

అవ్వ అతన్ని పీట మీద కూర్చోబెట్టి, ఒక వట్టి చట్రాన్ని తొడ మీద నిలబెట్టింది. పై అంచు కనుబొమ్మ దాటకూడదంది. మధ్య కర్ర పట్టుకుంటే మోచెయ్యి పక్కటెముకలకు ఆనాలంది. ఊతం లేని చెయ్యి పొద్దంతా మొయ్యలేదు.

అక్క నిద్రపోతున్నప్పుడు ఆమె కోటు చెయ్యి కొలుచుకుని పని మొదలుపెట్టాడు. రెండు జానల మీద నాలుగు వేళ్లు. తేలికైన విల్లో కర్ర, పల్చటి మేకపోతు తోలు. అంచులు రెండుసార్లు చెక్కాడు. తోలు రెండుసార్లు విప్పి మళ్లీ లాగాడు. గంటలు రెండే కట్టాడు. వేసవి రావడానికి ముందు అక్క ఒళ్లో పెట్టాడు.

అంచికిస్ తొడ మీద నిలబెట్టుకుంది. అంచు కనుబొమ్మ దగ్గర ఆగింది. ఖాళీ గిన్నె పట్టుకున్నంత సులువుగా పట్టుకుని, వేలితో ఒక్క దెబ్బ కొట్టి, ఆ మోత పూర్తిగా పోయేదాకా విన్నది.

"సరిగ్గా ఉంది," అంది. తిరిగి తమ్ముడి చేతిలో పెట్టేసింది.

"తీసుకో మరి."

"ఎవరి కోసం కొట్టను? చొదురా కొడుకుని సగం దారిలో దింపేసినదాన్ని. నా గుమ్మం ఎవరు తొక్కుతారు? ఇప్పుడు చిన్నదెక్కితే, పడ్డాక గాడిదెక్కింది అంటారు."

"తప్పు నాదక్కా."

"చెప్పు పో. ఇల్లిల్లూ తిరిగి చెప్పు."

తిరిగాడు. ఖామ్‌లందరి ఇళ్లకూ పోయి, కొలత తప్పిందని, ఊరికే మార్చి ఇస్తానని చెప్పాడు. ఒక్కామె మాత్రం ఒప్పుకుంది. మిగతావాళ్లు, "మా పరువు తీస్తావా?" అన్నారు. చివరికి చొదురా ఇంటికి వెళ్లాడు. ఆమె టీ పోసి అంతా విన్నది.

"కొలత తప్పిందా," అంది. "అన్నా, నలభై తొమ్మిదో రోజు మళ్లీ వస్తుందా?"

అతను టీ ముట్టకుండానే లేచాడు.

అంచికిస్ బడి బాయిలర్ గదిలో బొగ్గు ఎగేసే పనికి కుదిరింది. కుడి చేతితో ఎగేస్తుంది. చిన్న డప్పు రెండేళ్లు గోడకే ఉంది. కొట్టకపోవడంతో తోలు మొద్దుబారుతోంది. ఒక వేసవిలో ధ్యానం కోసం డప్పు కావాలని జర్మనీ నుంచి ఒకామె దుబాసీని వెంటబెట్టుకుని వచ్చింది. అన్నీ చూసి దాన్నే దించింది. దాదరూల్ ఆమెను కూర్చోమని డప్పును తొడ మీద నిలబెట్టి చూశాడు. పొడుగు మనిషి. గొంతు దాకానే వచ్చింది.

"నీకు చిన్నదవుతుందమ్మా. నెలరోజులాగు, నీ కొలతకి చేసిస్తాను."

దుబాసీ ఆమెతో మాట్లాడి నవ్వాడు. "తన సామాను పెట్టెలో పడుతుందంట మామా. అందుకే ఇదే కావాలంట."

దాదరూల్ అక్కనడిగి వస్తానని బాయిలర్ గదికి వెళ్లాడు. ఆమె తల ఎత్తకుండానే ఇచ్చెయ్యమంది. సాయంత్రం మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆమెకి సరిపోయిందా?" అంది అంచికిస్.

"పెట్టెకి సరిపోయింది."

అంచికిస్ పార గోడకి ఆనించి నవ్వింది. అక్క నవ్వి రెండేళ్లు దాటింది. ఆ నవ్వు వినకపోయి ఉంటేనే బాగుండేదనిపించింది దాదరూల్‌కి.