స్వరూప చేసిన ఫైలు

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది నన్ను దోహాలో మా ఫోన్ కంపెనీ రాయితీ విభాగానికి సూపర్‌వైజర్‌గా వేశారు. ప్రభుత్వ సహాయ జాబితాలో ఉన్న వికలాంగులకు నెలవారీ ప్యాకేజీ తక్కువ ధరకు ఇచ్చే పని మాది. సంక్షేమ కార్యాలయం ఇచ్చే అర్హత పత్రం ఉండాలి, దానికి ముప్పై రోజులే గడువు. ఫోన్ నంబరు దరఖాస్తుదారు పేరు మీదే ఉండాలి. కౌంటర్‌లో గుమాస్తా ఫైలు తయారుచేస్తే, రెండో సంతకం సూపర్‌వైజర్‌ది.

ఆ గుమాస్తా కరీంనగర్ స్వరూప. చేరి ఏడాది కాలేదు. మనవాళ్లెవరొచ్చినా స్వరూపక్క డ్యూటీలో ఉందా అనే అడిగేవారు. పదిహేనేళ్ల సర్వీసున్న నేను పక్కనే కూర్చున్నా నా మొహం చూసేవారు కాదు. దాచుకోవడం దేనికి, నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు దోహాకు గంట దూరంలోని అల్ ఖోర్‌లో హౌస్ డ్రైవర్‌గా చేసే కడప ఓబులేసు తన తమ్ముణ్ణి తీసుకొచ్చాడు. తమ్ముడు దోహాలోనే, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో టైలర్. పుట్టుకతోనే చెవుడు, మాట రాదు. గదిలో వైఫై లేదు, మామూలు ధరకు డేటా వేయించుకునే స్తోమత లేదు. ఊళ్లో భార్యకు నెలలు నిండుతున్నాయి.

"వాడు చేతుల్తోనే మాట్లాడతాడు సార్, వాని పెండ్లాం కూడా అంతే. వీడియో లేకుంటే వాళ్లకు ఫోన్ ఉండీ లేనట్టే," అన్నాడు ఓబులేసు.

పత్రం సరిగానే ఉంది. నంబరు మాత్రం కఫీల్, అంటే యజమాని, పేరున ఉంది. దిగిన రోజున యజమాని చేతిలో పెట్టిన సిమ్‌నే మనవాళ్లు ఏళ్లతరబడి సొంతమనుకుంటారు. కుదరదని తిప్పి పంపాను. స్వరూప వాళ్లను గుమ్మం దగ్గరే ఆపి, కఫీల్‌కు ఫోన్ చేసి, బతిమాలి కౌంటర్‌కు రప్పించి, నంబరు టైలర్ పేరుకు మార్పించింది. మేనేజరు అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు.

ఆ ఫైలు నా బల్ల మీదికి వచ్చేసరికి పత్రానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది. "చిరునామా సరిచూడాలి" అని రాసి పక్కన పెట్టేశాను. అందులో సరిచూడ్డానికి ఏమీ లేదని నాకు తెలుసు. గడువు తీరిపోయింది.

కొత్త పత్రం వచ్చేలోగా అతనికి కూతురు పుట్టింది. అన్న శుక్రవారం సెలవుకు వచ్చి తన ఫోన్‌లో చూపించేదాకా అతను బిడ్డను చూడలేదు, భార్యతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

స్వరూప నాతో పోట్లాడలేదు. "మీరు రూల్ ప్రకారమే చేసిన్రు సార్," అంది, నా కళ్లలోకి చూస్తూ.

రూలు చేతిలో ఉన్నవాడికి కక్ష తీర్చుకోవడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. ఆ తరువాత రిటైరయ్యేదాకా, ఏ ఫైలైనా తయారుచేసినవారి పేరున్న చోట ఒక కాగితం కప్పి, మిగతాది చదివాకే అభ్యంతరం రాసేవాణ్ణి.