ఎడమకి తిరిగిన ఆదివారం

ఆ రోజుల్లో నా జీవితంలో ఏం జరిగినా నేను నిర్ణయించబట్టే జరుగుతోందని నాకు గట్టి నమ్మకం. వీసా లాటరీలో వచ్చింది, కంపెనీలకి మనుషుల్ని సప్లై చేసే వెండర్ ప్రాజెక్టులో పెట్టాడు, అమెరికాలో బెంటన్‌విల్ అనే ఊరు ఎక్కడుందో విమానం ఎక్కే ముందు మ్యాప్‌లో వెతుక్కున్నాను, సాయంత్రం ఏం కూర తినాలో కూడా మా గుంటూరు రూమ్మేటే తేల్చేవాడు. అయినా నమ్మకం నమ్మకమే. పైగా చైతన్యం గురించి లైబ్రరీ నుంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి సగం చదివి ఉన్నాను (ఆ సగంలోనూ బొమ్మలే ఎక్కువ). ఇరవై ఆరేళ్ల వయసులో వాదించడానికి అంత చదువు చాలు.

నా వాదనలు వినే దౌర్భాగ్యం ఒకే ఒక్కరికి పట్టింది. మా టీమ్‌లో టెస్టింగ్ చేసే వరంగల్ అమ్మాయికి. డిగ్రీలో జువాలజీ చదివి తర్వాత ఎంసీఏ చేసిందట, అందుకని అందరం జువాలజీ అనే పిలిచేవాళ్లం. మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఉండేది. ఆ ఊళ్లో కారు లేకపోతే పాల డబ్బాకి కూడా ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. ఆమెకి కారు లేదు, లైసెన్సూ లేదు, కాబట్టి ఆఫీస్‌కి రోజూ నేనే రైడ్ ఇచ్చేవాణ్ణి. పాపం, డ్రైవింగ్ టెస్ట్ రెండుసార్లు ఫెయిలైంది. రెండుసార్లూ నేనే ఓదార్చాను. (రెండుసార్లూ ఇంటికొచ్చి సేమ్యా పాయసం చేశానని మా రూమ్మేట్ ఇప్పటికీ అంటాడు. అబద్ధం. ఒక్కసారే చేశాను.)

దారి ఇరవై నిమిషాలు. అటూ ఇటూ ఆవులు మేస్తుంటే మేం మనిషికి ఫ్రీ విల్ ఉందా లేదా, అంటే ఏం చేసినా తను అనుకునే చేస్తాడా అని కొట్టుకునేవాళ్లం. నేను ఇండికేటర్ వేసి, ఇదిగో చూడండి, ఇది నేను వెయ్యాలనుకుంటేనే పడింది, ఇంతకన్నా రుజువు ఏం కావాలి అనేవాణ్ణి. ఆమె నిదానంగా, ఇందాక సిగ్నల్ దగ్గర ఆగామా, పచ్చలైటు ఉందా అని అడిగేది. నాకు గుర్తుంటేగా. "సగం పనులు శరీరమే చేసుకుంటదండి," అనేది. "ఎటు పోవాల్నో తెల్వనప్పుడు ఒక్క క్షణం ఆగేటందుకు వచ్చింది ఈ స్పృహ. జింకకైనా మనకైనా దానితోని పని గంతే." కోట్ల ఏళ్ల పరిణామాన్ని అంత చిన్న ఉద్యోగంలో పెట్టేసిందని నాకు ఒళ్లు మండేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. నిజం చెప్పాలంటే, ఆమె ఒప్పేసుకుంటుందేమోనని భయంగా కూడా ఉండేది. ఒప్పుకుంటే ఇక దారంతా ఏం మాట్లాడతాం?

ఇంతలో ఆమెకి అరిజోనాలో చాండ్లర్ అనే ఊళ్లో ప్రాజెక్టు వచ్చింది. ఇక్కడే ఇంకో టీమ్ వాళ్లు కూడా ఉండమని అడిగారు. ఆమె వాళ్లకి సోమవారం చెప్తానంది, చాండ్లర్‌కి మాత్రం ఆదివారానికి టికెట్ బుక్ చేసుకుంది. ఈ రెండు సంగతులూ నాకు పక్కపక్కనే చెప్పి, నా మొహం వైపు చూసింది. నేను అరిజోనా ఎండల గురించి మాట్లాడాను. ఆ తర్వాత మూడు రోజులు అద్దం ముందు నిలబడి "మీరు వెళ్లకపోతే బావుంటుంది" అన్న మూడు మాటల్ని పరీక్షకి చదివినట్టు చదివాను.

ఆదివారం పొద్దున సూట్‌కేసులు వెనక పెట్టుకుని ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరాం. ఆమె ఆ రోజు ఏమీ వాదించలేదు. నేను ఆ మూడు మాటల్ని లోపల వరసగా పేర్చుకుంటున్నాను. ఎంత శ్రద్ధగా పేర్చుకున్నానంటే, కాసేపటికి కారాపి, ఇంజన్ కట్టేసి, బ్యాడ్జి చేతిలోకి తీసుకుని, తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాక గానీ తెలియలేదు, మేం మా ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో ఉన్నామని. రోజూ పెట్టే చోటే పెట్టాను. చుట్టూ ఒక్క కారు లేదు.

ఆమె సీట్‌బెల్ట్ తియ్యలేదు. ముందుకే చూస్తూ, "కావాల్ననే తెచ్చిండ్రా ఇటు?" అంది.

అవునంటే చాలు. ఇన్ని నెలల వాదన నేను గెలిచినట్టే. ఆమె కూడా తొందరపెట్టలేదు, జవాబు కోసం అలాగే కూర్చుంది. ఏం చెప్పాలో తెలియక నేనూ ఆగాను. ఆగి, బాగా ఆలోచించి, "అయ్యయ్యో, లేదండీ, అలవాటు కొద్దీ చేతులే తిప్పేశాయి, సారీ," అన్నాను.

"అయితే నేనే గెలిచిన," అంది. గెలిచిన మనిషిలా మాత్రం లేదు.

ఎయిర్‌పోర్ట్‌కి టైమ్‌కే చేరాం (ఆ రోజు రోడ్డు మీద పనులైనా జరగచ్చు కదా, అదీ లేదు). సూట్‌కేస్ దింపుతుంటే ఆమె అంది, "మీరు ఆఫీస్ దిక్కు ఎడమకి తిప్పుడు నేను సిగ్నల్ కాడనే చూసిన. చెప్పబుద్ధి కాలే."

దానికి నేనన్న మాట ఇక్కడ రాయాలంటే సిగ్గుగా ఉంది. "చెప్పాల్సిందండీ, అరగంట వేస్టయింది," అన్నాను.

ఆమె మాట నాకు అర్థమయ్యేసరికి సగం దారి వెనక్కి వచ్చేశాను. కారు పక్కకి ఆపి ఫోన్ చేశాను, స్విచాఫ్. సాయంత్రం దొరికింది. అక్కడ వేడిగా ఉందా అని అడిగాను. ఉందంది. సోమవారం ఇక్కడి టీమ్‌కి రానని చెప్పేసిందట. మూడోసారి డ్రైవింగ్ టెస్ట్ అక్కడే పాసైందని కూడా తర్వాత ఎవరో చెప్పారు.

ఆ పుస్తకం తర్వాత పూర్తి చేశాను, అలాంటివి ఇంకో పది చదివాను. ఇప్పటికీ ఒక్కోసారి కారులో పక్క సీటు వైపు తిరిగి ఏదో చెప్పబోయి ఊరుకుంటాను. ఆమె మీద బెంగ ఇన్నేళ్లయినా పోలేదు. తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లలో కుర్రాళ్లు ప్లేట్లు పట్టుకుని, ఇంతకీ మనిషికి ఫ్రీ విల్ ఉందంటారా అంకుల్ అని అడుగుతుంటారు. ఉందంటాను. నాకూ ఒకసారి వచ్చింది, ఒక పది సెకన్లు నా చేతిలోనే ఉంది, ఆలోచించి వాడలేదు అంటాను. జోక్ అనుకుని నవ్వుతారు. వాళ్లతోపాటు నేనూ నవ్వుతాను.